సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక ఒరిజినల్ డిగ్రీ అప్లికేషన్ వెనకాల నడవండి

గుంటూరు దగ్గర ఒక యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్న మేడమ్ అడిగిన ప్రశ్న ఇది: "పరిపాలన మెరుగుపరచడానికి నన్ను కోఆర్డినేటర్‌గా వేశారు. సర్టిఫికెట్లు ఆలస్యమవుతున్నాయి, హాస్టల్ ఫిర్యాదులు పేరుకుపోయాయి, పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. ఆరు నెలల్లో మార్పు కనిపించాలని వీసీ (వైస్ ఛాన్సలర్) గారు అంటున్నారు. ఒక కంపెనీ వాళ్లు వచ్చి ఈఆర్‌పీ (ఆఫీసు పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) డెమో ఇచ్చారు, బాగానే ఉంది. కొనమని రాయనా? లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?"

మేడమ్, ఇప్పుడే రాయకండి. నేను ఈ చుట్టుపక్కలే ఒక యూనివర్సిటీలో ఎగ్జామినేషన్ బ్రాంచిలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి డిప్యూటీ రిజిస్ట్రార్‌గా రిటైరయ్యాను. నా సర్వీసులో సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, పోయాయి. పాత పద్ధతిలో బల్ల బల్లకీ తిరిగిన కాగితం కొత్త పద్ధతిలో లాగిన్ లాగిన్‌కీ తిరిగేది. పైగా కంప్యూటర్‌లో అప్రూవ్ చేశాక "ఎందుకైనా మంచిది, ఒక ప్రింటవుట్ తీసి సంతకం పెట్టించు" అనేవారు. పని రెట్టింపయింది తప్ప తగ్గలేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఏ సంతకం ఎందుకు పెడుతున్నామో ఎవరూ అడగకుండానే అన్ని సంతకాలనీ అందులో ఎక్కించాం.

మీరు చూడాల్సిన లెక్క ఒక్కటే. విద్యార్థి ఒక్కో పని కోసం క్యాంపస్‌కి ఎన్నిసార్లు రావాల్సి వస్తోంది? దాన్ని ఒక్కసారికి, వీలైతే అసలు రానక్కర్లేకుండా చేయాలి. మన దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది మాచర్ల, వినుకొండ, రేపల్లె లాంటి ఊళ్ల నుంచి తెల్లవారుజామున బస్సో ప్యాసింజరో ఎక్కి వస్తారు. చదువైపోయినవాళ్లయితే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సెలవు పెట్టుకుని వస్తారు. మే నెల ఎండలో వచ్చి, గేటు దగ్గర జిరాక్స్ షాపువాణ్ని "ఇవాళ సార్ ఉన్నారా?" అని అడిగి మరీ లోపలికి వెళ్తారు. సార్ మీటింగుకి వెళ్లారని ఆ షాపులోనే తెలిసిపోతే అటునుంచి అటే వెనక్కి. మన ఆఫీసు ఎలా నడుస్తోందో మనకంటే ఆ షాపువాడికే బాగా తెలుసు. ఒకరోజు ఒక గంట అక్కడ కూర్చోండి, ఊరికే చెప్పడం లేదు.

తర్వాత ఇంకో పని. ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, కోసం వచ్చే అప్లికేషన్లలో ఒక పాతిక తీసుకుని ఒక్కోదానికీ పైన ఒక రంగు చీటీ పిన్ చేయండి. ఏ సీటు దగ్గరికి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లింది, ఆ తేదీ, టైము మాత్రం రాయమనండి. దారి ఎలా ఉంటుందో చెప్తాను. టపాల్ సెక్షన్‌లో, అంటే బయటి కాగితాలు తీసుకునే చోట, ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది. మధ్యాహ్నం ఎప్పుడో అటెండర్ ట్రేలో పెట్టుకుని సెక్షన్‌కి తీసుకెళ్తాడు. సూపరింటెండెంట్ మార్క్ చేస్తే డీలింగ్ అసిస్టెంట్, అంటే ఆ పని చూసే గుమస్తా, దగ్గరికి చేరుతుంది. ఆయన తన దగ్గరికొచ్చిన కాగితాలు రాసుకునే పర్సనల్ రిజిస్టర్‌లో ఎక్కించి, చలానా డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి అకౌంట్స్‌కి పంపుతాడు. అక్కణ్నుంచి తిరిగొచ్చాక టీఆర్ తీసి, అంటే అందరి మార్కులుండే టాబులేషన్ రిజిస్టర్ తీసి, మార్కులు సరిచూస్తాడు. పుటప్ చేస్తాడు, అంటే పై అధికారి ముందు పెడతాడు. సూపరింటెండెంట్, అసిస్టెంట్ రిజిస్ట్రార్, డిప్యూటీ రిజిస్ట్రార్, పరీక్షల కంట్రోలర్, వరసగా ఇనీషియల్స్. ప్రింటింగ్. మళ్లీ సరిచూడటం. వీసీ గారి సంతకం. డిస్పాచ్.

ఇందులో బుర్ర పెట్టి చేసే పని రెండే చోట్ల ఉంది. టీఆర్‌తో సరిచూడటం ఒకటి, ప్రింటయ్యాక పేరులో, క్లాసులో తప్పులు లేకుండా చూడటం ఇంకొకటి. మిగతాదంతా ట్రేలో పడి ఉండే కాలమే. ఆ చీటీలు మీటింగులో బల్ల మీద పరిస్తే "మా సెక్షన్‌లో పెండింగేమీ లేదండీ" అనే మాట ఇక వినపడదు. ఒక్క జాగ్రత్త: ఆ చీటీ చూపించి ఎవరికీ మెమో ఇవ్వకండి. ఇచ్చారో, మర్నాటి నుంచి అన్ని చీటీల మీదా ఉదయం పదిన్నరకి వచ్చి పదకొండింటికి వెళ్లినట్టే ఉంటుంది.

ఈ టపాల్, పర్సనల్ రిజిస్టర్, నోట్ ఫైల్ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి కలెక్టరాఫీసుల నుంచి మనకొచ్చింది. టాటెన్‌హామ్ పద్ధతి అంటారు. వచ్చిన ప్రతి అర్జీకీ లెక్క ఉండాలని పెట్టింది, చెడ్డదేమీ కాదు. పదిమంది అభిప్రాయం కావాల్సిన ఫైలుకి, భవనం కట్టాలా వద్దా, కొత్త కోర్సు పెట్టాలా వద్దా అనే ఫైలుకి, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. కానీ ఓడీ ఇవ్వాలా వద్దా అన్నది ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడదు. కుర్రాడు పాసయ్యాడు, ఫీజు కట్టాడు, ఇవ్వాలి. క్వాలిఫై అయిన తేదీ నుంచి 180 రోజుల్లోపు డిగ్రీ ఇవ్వాలని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2008 నిబంధనల్లోనే ఉంది. హక్కుగా రావాల్సిన కాగితాన్ని అనుమతి కోరే ఫైలులా నడిపించడమే మన యూనివర్సిటీల అసలు జబ్బు. మీ దగ్గర జరిగే పనులన్నీ రెండు గుట్టలుగా విడదీయండి: హక్కుగా ఇవ్వాల్సినవి మొదటిది, అభిప్రాయం కావాల్సినవి రెండోది. ప్రొవిజినల్, కన్సాలిడేటెడ్ మెమో, మైగ్రేషన్, టీసీ, బోనఫైడ్, స్టడీ సర్టిఫికెట్, ట్రాన్‌స్క్రిప్ట్, జెన్యూన్‌నెస్ వెరిఫికేషన్ అన్నీ మొదటి గుట్టలోవే. వీటికి ఇద్దరే చాలు, చేసేవాడొకడు, సరిచూసేవాడొకడు. రెండోవాడు అసిస్టెంట్ రిజిస్ట్రార్ స్థాయి దాటనక్కర్లేదు.

ఓడీ మీద వీసీ సంతకం తప్పదు, కానీ ఆయన స్వయంగా కూర్చుని పెట్టాలో లేదో మీ రూల్సులో చూడండి. అవి ఒప్పుకుంటే సంతకం నమూనాని ముద్రించడానికి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో తీర్మానం చేయించుకోండి. వీసీ గారు వారంలో సగం రోజులు సచివాలయంలోనో ఢిల్లీలోనో ఉంటారు. ఆ కట్టలు ఆయన పేషీలో బీరువా మీద ఎదురుచూస్తుంటాయి.

రద్దీ ఎప్పుడు వస్తుందో కూడా ముందే తెలిసిందే కదా. ఫలితాల తర్వాత ఒక కెరటం, అమెరికా అప్లికేషన్ల సీజన్‌లో ట్రాన్‌స్క్రిప్టుల కెరటం. టీచర్ పోస్టులకి డీఎస్సీ పడితే బీఈడీ వాళ్లు వెల్లువలా వస్తారు. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఎడ్యుకేషన్ కాలేజీలున్న ఏ యూనివర్సిటీ కౌంటరైనా ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించండి. అలాంటప్పుడు పక్క సెక్షన్ల నుంచి ఎవరు వచ్చి కూర్చోవాలో ముందే ఆర్డర్ వేసి ఉంచాలి. నోటిఫికేషన్ వచ్చాక ఫైలు పెడితే ఆ ఫైలు తేలేలోపు గడువు అయిపోతుంది.

ఇక పేర్ల గొడవ. దీనిమీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బయటివాళ్లు రాసిన ఏ నివేదికలోనూ ఇది కనపడదు, మన కౌంటర్ల దగ్గర మాత్రం రోజూ ఇదే. మనకి ఇంటిపేరు ముందు. పదో తరగతి మెమోలో పూర్తి ఇంటిపేరుతో ఉంటుంది, ఇంటర్లో ఒక్క పొడి అక్షరంగా మారుతుంది, ఆధార్‌లో ఇంటిపేరు వెనక్కి పోతుంది, పాస్‌పోర్టులో రెండు గళ్లుగా విడిపోతుంది. లక్ష్మికి ఒకచోట హెచ్ ఉంటుంది, ఒకచోట ఉండదు. ఇదివరకు ఎవరూ పట్టించుకునేవారు కాదు. 2021లో విద్యార్థి క్రెడిట్లు ఆన్‌లైన్‌లో దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చాక, ఇప్పుడు విద్యార్థి గుర్తింపు నంబరు అపార్ ఐడీ కూడా వచ్చాక, మన రికార్డులో పేరు ఆధార్‌తో కలవకపోతే ఆ విద్యార్థి క్రెడిట్లు ఎక్కవు. డిగ్రీ మీద తప్పు పేరు పడి వీసా ఇంటర్వ్యూకి వారం ముందు తెలిసిందంటే ఇక ఆ ఇంటిల్లిపాదికీ టెన్షనే. అప్పుడు దిద్దాలంటే నోటరీ అఫిడవిట్, కాలేజీ ప్రిన్సిపాల్ లెటర్, ఫీజు, మళ్లీ ఆ బల్లలన్నీ.

దీన్ని మొదటి సెమిస్టర్‌లోనే తెంచేయాలి. పదో తరగతి మెమోలో ఉన్న పేరే ప్రమాణమని ప్రకటించండి. మొదటి పరీక్ష ఫీజు కట్టేటప్పుడు పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఫొటో విద్యార్థి ఫోన్లో కనిపించాలి, "ఇదే నా డిగ్రీ మీద పడుతుంది" అన్న చోట వాడే నొక్కాలి. తప్పుంటే ఆ నెలలో ఉచితంగా దిద్దాలి. ఆధార్‌లో వేరేగా ఉన్నవాళ్ల జాబితా కాలేజీకి పంపితే, ఆధార్ దిద్దుకోవడానికి మూడేళ్ల టైముంటుంది. ఇదంతా ఒక మామూలు ఆన్‌లైన్ ఫారంతో అయ్యే పని.

నో డ్యూస్ ఫారం, అంటే బాకీ లేదని ప్రతి విభాగం దగ్గరా సంతకం పెట్టించుకునే కాగితం, సంగతి మీకు తెలియంది కాదు. లైబ్రరీ, హాస్టల్, ల్యాబులు, స్పోర్ట్స్, ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్, ఎప్పుడూ అడుగు పెట్టని హెల్త్ సెంటర్‌తో సహా. సంతకం చేసేవాడు లంచ్‌కి వెళ్తే ఆ పూట పోయినట్టే. దీన్ని తిరగేయండి. బాకీ ఉన్నవాళ్ల జాబితా ఇవ్వాల్సిన బాధ్యత విభాగాలది. ఆఖరి పరీక్షకి ముందే ఒక తేదీ పెట్టి, ఆ తేదీలోపు జాబితాలో పేరు లేకపోతే బాకీ లేనట్టే అని సర్క్యులర్ ఇవ్వండి. లైబ్రేరియన్లు మొదట ఒప్పుకోరు, "పుస్తకం పోతే ఎవరు కడతారు?" అంటారు. కాషన్ డిపాజిట్ ఎందుకు తీసుకున్నామని అడగండి.

బాకీ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని పిల్లవాడి సర్టిఫికెట్లు పట్టి ఉంచడం మన వైపు అలవాటైపోయింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ డబ్బు ప్రభుత్వానికీ సంస్థకీ మధ్య లెక్క. మీ క్యాంపస్‌లోనో అనుబంధ కాలేజీల్లోనో ఇది జరుగుతుంటే మీ రిపోర్టులో మొహమాటం లేకుండా రాయండి.

ఫీజుల విషయంలో చలానా తీసేసి యూపీఐ పెట్టగానే పని అయిపోయిందనుకోకండి. డబ్బు కట్ అవుతుంది, రసీదు రాదు. పిల్లాడు భయపడి మళ్లీ కడతాడు. రెండుసార్లు కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఫైలు నడుస్తుంది, యూటీఆర్ నంబర్ (బ్యాంకు లావాదేవీ నంబరు) రాసిన చీటీ పట్టుకుని వాళ్ల నాన్న అకౌంట్స్ చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతాడు. ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే గేట్‌వే వాళ్లు రోజూ సెటిల్‌మెంట్ రిపోర్టు ఇస్తారు. దాన్ని మర్నాడు మధ్యాహ్నంలోపు మన లెక్కతో సరిపోల్చే మనిషి ఒకరు అకౌంట్స్‌లో ఉండాలి, డబుల్ పేమెంట్ అప్లికేషన్ అడగకుండానే వెనక్కి వెళ్లాలి. ఆ ఒక్క సీటు సరిగ్గా ఉంటే ఓడీ ఫైలు అకౌంట్స్‌కి వెళ్లే మెట్టే ఉండదు.

పాత టీఆర్‌లు స్కాన్ చేయించమని అందరూ చెప్తారు, నేనూ చెప్తాను. కాకపోతే మొదటి బ్యాచ్ నుంచి వరసగా మొదలుపెట్టొద్దు. ఎక్కువ అడిగేది ఈ పదిహేను ఇరవై ఏళ్ల బ్యాచ్‌లవి, వాటితో మొదలుపెట్టండి. ఆ తర్వాత చెదలు పట్టేవి, ముట్టుకుంటే పొడి రాలేవి. హాల్‌టికెట్ నంబరుతో వెతికితే పేజీ రావాలి. ఆ ఇండెక్స్ లేకుండా స్కాన్ చేస్తే వేల ఫొటోలున్న హార్డ్ డిస్క్ మిగులుతుంది, మన వాళ్లు మళ్లీ దుమ్ము దులిపి రిజిస్టరే తీస్తారు. ఏజెన్సీకి బిల్లు పాస్ చేసే ముందు మీరే కూర్చుని ఏవో కొన్ని నంబర్లు కొట్టి చూడండి.

కొత్త బ్యాచ్‌లవన్నీ నేషనల్ అకడమిక్ డిపాజిటరీ ద్వారా డిజిలాకర్‌లోకి ఎక్కించండి. 2016 నాటి డిజిటల్ లాకర్ నిబంధనల కింద, సంస్థ జారీ చేసి అందులో పెట్టిన పత్రం ఒరిజినల్‌తో సమానం. దీని విలువ మామూలు రోజుల్లో తెలియదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఇళ్లలో బీరువాల్లో ఉన్న కాగితాలన్నీ నానిపోయాయి. డూప్లికేట్ కావాలంటే మన రూల్సు సాధారణంగా అడిగేవేమిటి? పోయిందని పోలీసు ఇచ్చే కాగితం, నోటరీ అఫిడవిట్. ముద్దయిపోయిన డిగ్రీ చేత్తో పట్టుకొచ్చినవాణ్ని అది పోయిందని పోలీసు కాగితం తెమ్మంటే వాడేం చేయాలి? పాడైన పత్రాన్ని వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చే క్లాజు మీ రూల్సులో ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్పించండి, మళ్లీ వరద వచ్చేదాకా ఆగొద్దు.

హాస్టళ్లు, క్యాంపస్ సేవల గురించి. ఇక్కడ సమస్య పద్ధతిది తక్కువ, చిన్న డబ్బుది ఎక్కువ. బాత్రూమ్ కుళాయి విరిగితే వార్డెన్ చీఫ్ వార్డెన్‌కి రాస్తారు, ఆయన ఇంజినీరింగ్ సెక్షన్‌కి ఫార్వర్డ్ చేస్తారు, వాళ్లు ఎస్టిమేట్ వేస్తారు, ఫైనాన్స్ కాంకరెన్స్‌కి, అంటే వాళ్ల అంగీకారానికి, వెళ్తుంది. కుళాయి ఖరీదు కంటే ఆ ఫైలుకి ఖర్చయ్యే కాగితం ఎక్కువేమో. ఈలోగా నీళ్లు పోతూనే ఉంటాయి. వార్డెన్ చేతిలో నెలకి కొంత ఇంప్రెస్ట్, అంటే చిల్లర ఖర్చులకి ముందే ఇచ్చే డబ్బు, పెట్టి, బిల్లులు తర్వాత చూపించమనండి. ప్లంబర్‌కీ ఎలక్ట్రీషియన్‌కీ వారంలో ఏ రోజు ఏ హాస్టలో ముందే రాసిపెట్టి గోడ మీద అంటించండి. ఫిర్యాదు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ రోజు వాళ్లు అక్కడ ఉండాలి. ఫిర్యాదుల యాప్ కంటే ముందు ఇది. యాప్‌లో ఫిర్యాదు మూసేసే అధికారం మాత్రం ఇంజినీరింగ్ వాళ్లకి ఇవ్వకండి, ఫిర్యాదు పెట్టిన విద్యార్థే మూయాలి. లేకపోతే ఫ్యాను తిరగకముందే స్క్రీన్ మీద "పరిష్కరించబడింది" అని వస్తుంది.

మెస్ విషయంలో డివైడింగ్ పద్ధతి, అంటే నెల ఖర్చుని తిన్నవాళ్ల మధ్య పంచే పద్ధతి, ఉంటే లెక్కలు నోటీసు బోర్డులో పెట్టడమే సగం మందు. ఆ నెల బియ్యం ఎంత, నూనె ఎంత, గ్యాస్ ఎంత, ఎంతమంది తిన్నారు, తలకి ఎంత పడింది అన్నది పిల్లలకి కనపడాలి. మెస్ కమిటీ పిల్లలు వంతులవారీగా స్టోరు తూకం దగ్గర నిలబడితే మిగతా సగం అవుతుంది. తాగునీటికి ఆర్‌వో ప్లాంటు మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో ప్లాంటు మీదే రాయించండి. బస్సులు, వైఫై గురించి నేను కొత్తగా చెప్పగలిగింది లేదు.

ఫిర్యాదులకి మీరు కొత్త కమిటీ వేయనక్కర్లేదు. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అది 15 పనిదినాల్లో రిపోర్టు ఇవ్వాలి. దానితో తృప్తి లేకపోతే పై అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఆయనకి 30 రోజులు. మీ దగ్గర కాగితం మీద ఈ కమిటీ ఉండే ఉంటుంది, కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్ వాళ్లకి చూపించడానికైనా. ఆఖరిసారి ఎప్పుడు కూర్చుందో మినిట్స్ బుక్ తెప్పించి చూడండి.

సిబ్బంది గురించి ఒక మాట. ప్రతి సెక్షన్‌లో ఒక మనిషి ఉంటాడు, ఆయన లేకపోతే ఫైలు దొరకదు. అందరూ ఆయన్ని తిడతారు, ఆయన సెలవు పెడితే ఆఫీసు ఆగుతుంది. మీ మొదటి మిత్రుడు ఆయనే కావాలి. ఏ రూలు ఎందుకొచ్చిందో, ఏ సంతకం ఎప్పటి ఆడిట్ అభ్యంతరం వల్ల చేరిందో ఆయనకి మాత్రమే తెలుసు. రిటైరయ్యేలోపు ఆయన చేత ఒక్కో సర్టిఫికెట్‌కీ ఒక పేజీ రాయించండి. పక్కన ఒక కాంట్రాక్ట్ కుర్రాణ్ని కూర్చోబెట్టండి. ఆయనకి కొత్త పద్ధతిలో మర్యాదైన చోటు లేకపోతే మాత్రం ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఇవన్నీ కాస్త దారిన పడ్డాక ఈఆర్‌పీ గురించి మాట్లాడండి. అప్పటికి మీకేం కావాలో మీకే తెలుస్తుంది కాబట్టి కంపెనీవాడి డెమో చూసి మురిసిపోరు. ముందు కేంద్ర విద్యాశాఖ తరఫున ఢిల్లీ యూనివర్సిటీలో తయారైన సమర్థ్ అనే ఈఆర్‌పీని చూడండి, కేంద్ర యూనివర్సిటీలు చాలా వాడుతున్నాయి. ప్రైవేటుదే కొనాలంటే అగ్రిమెంటులో మూడు విషయాలు చూసుకోండి. డేటా ఎవరిది, కాంట్రాక్టు అయిపోయినప్పుడు మామూలు ఫైలు రూపంలో మొత్తం ఇస్తారా, రిజల్ట్స్ రోజున లోడు పడి ఆగిపోతే పెనాల్టీ ఎంత? ఈ మూడో ప్రశ్న దగ్గర చాలా కంపెనీల స్వరం మారుతుంది.

పోటీ కూడా చూసుకోండి. వడ్డేశ్వరంలో కేఎల్, వడ్లమూడిలో విజ్ఞాన్, నీరుకొండలో ఎస్‌ఆర్‌ఎం, ఇనవోలులో వీఐటీ, అన్నీ గంట దూరంలోనే ఉన్నాయి. ఇంటర్ అయిన పిల్లల తల్లిదండ్రులు ఇప్పుడు ప్లేస్‌మెంట్లతో పాటు "సర్టిఫికెట్లకి తిప్పుతారా?" అని సీనియర్లని అడిగి మరీ చేరుస్తున్నారు.

మొదటి నెలలో వీసీ గారికి పెట్టే నోట్‌లో అన్నీ రాయకండి. మూడే అడగండి: మొదటి గుట్టలోని సర్టిఫికెట్లకి సంతకం అధికారం అసిస్టెంట్ రిజిస్ట్రార్‌కి ఇస్తూ ఆర్డర్, నో డ్యూస్ తిరగేస్తూ సర్క్యులర్, వార్డెన్లకి ఇంప్రెస్ట్. రెండోదీ మూడోదీ డ్రాఫ్ట్‌గా ఉన్నప్పుడే ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గర కూర్చుని ఆయన మాటల్లోనే రాయించండి. స్టేట్ ఆడిట్ వాళ్లకి జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే కాబట్టి, ఆయన చూడకుండా పైకి వెళ్తే "మాట్లాడండి" అన్న ఒక్క ముక్కతో వెనక్కి వస్తుంది.